నెగెటివ్‌లో దాగిన పలక

మీ ఇంట్లో అటక మీద ఓ పాత ట్రంకు పెట్టె ఉందా? ఉంటే ఈ ఆదివారం పెద్దవాళ్ళ చేత దింపించండి. ఇత్తడి సామాను, పెళ్ళి శుభలేఖలు, ఎవరిదో స్కూలు సర్టిఫికెట్టు, వీటన్నిటి అడుగున ఓ కాగితపు కవరు దొరకవచ్చు. అందులో బూడిదరంగువో, నారింజరంగువో ప్లాస్టిక్ ముక్కలుంటాయి. "ఇవేమిటమ్మా?" అని అడిగితే "పాత నెగెటివ్‌లు, అక్కడే పెట్టెయ్" అంటారు. వెంటనే పెట్టెయ్యకండి. ఒక్కదాన్ని అంచులు పట్టుకుని కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తి చూడండి.

మనుషులు కనిపిస్తారు. కానీ ఎలాంటి మనుషులు! ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా, పళ్ళు బొగ్గు నమిలినట్టు నల్లగా ఉంటాయి. చూస్తే నవ్వొస్తుంది. అయితే ఈ తలకిందుల బొమ్మలో మీ ఇంటి గోడకున్న ఫొటోలో లేని సంగతులు కూడా దాగి ఉండవచ్చు. వాటిని బయటికి తీసే దారి మీకు చెప్పాలనే ఈ వ్యాసం. ముందుగా మా ఇంట్లో జరిగిన కథ వినండి.

మా అమ్మమ్మ వాళ్ళది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆనాడు ఇంట్లోకి వచ్చిన నీళ్ళు గోడకున్న ఫొటోలను కూడా వదల్లేదు. నీళ్ళు తీసిన తర్వాత చూస్తే అమ్మమ్మ ఫొటో చట్రంలోని గాజుకు అతుక్కుపోయింది. ఎవరో పాపం మంచికే లాగబోయారు. కాగితం చేతికొచ్చింది, బొమ్మ గాజు మీద ఉండిపోయింది.

ఎందుకలా అతుక్కుంది? ఫొటో కాగితం మీద జెలటిన్ పూత ఉంటుంది. జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే పదార్థం అది. నీళ్ళు తగిలితే ఉబ్బి మెత్తబడి జిగురులా తయారవుతుంది. ఆరాక ఏది ఆనుకుని ఉంటే దానికి కరుచుకుంటుంది. కాబట్టి మీ ఇంట్లో గాజుకు అంటుకున్న ఫొటో ఉంటే లాగకండి. గాజుతో సహా అలాగే ఉంచి, దాని మీద వెలుగు మెరవకుండా చూసుకుని, మరో కెమెరాతో ఫొటో తీయండి.

అమ్మమ్మ 1981లో పోయింది. ఆమెకు మరో ఫొటో లేదు. ఇక ఆ ముఖం చూడలేమనే అందరూ అనుకున్నారు. ఏళ్ళు గడిచాయి. విజయవాడలో ఉండే అమ్మమ్మ తమ్ముడు, అంటే మా చిన్న తాతయ్య, ఇల్లు మారుతూ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాడు. ఆ ఫొటో తీసింది ఆయనే. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళల్లో కనిపించే చవకరకం పెట్టె కెమెరాతో, పన్నెండు బొమ్మలు పడే వెడల్పాటి ఫిల్ము మీద తీశాడు. ప్రింటు మాకు పంపి నెగెటివ్ తన దగ్గర దాచుకున్నాడు. డబ్బాలో ఆ నెగెటివ్ చెక్కుచెదరకుండా ఉంది.

వెలుగుకు పట్టి చూశాం. అరుగు మీద అమ్మమ్మ కూర్చుంది. పక్కనే మోకాళ్ళ మీద పలక నిలబెట్టుకుని ఒక చిన్నపిల్ల, మా అమ్మే. వెనక గోడకు ఒక క్యాలెండరు. తమాషా ఏమిటంటే నెగెటివ్‌లో పలక తెల్లకాగితంలా ఉంది, దాని మీద సుద్దముక్క రాత నల్లసిరా రాతలా ఉంది! అంకెల్లాంటివేవో ఉన్నాయిగాని, మామూలు కంటికి చీమల బారులా ఉన్నాయి.

ఆ పలక మీద ఏముందో తర్వాత చెబుతాను. ముందు ఆ బొమ్మ అక్కడికెలా వచ్చిందో చూద్దాం.

ఫిల్ము అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ. దాని ఒక వైపు జెలటిన్ పూత. ఆ పూతలో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల స్ఫటికాలు కోట్ల సంఖ్యలో పొదిగి ఉంటాయి. చాలావాటి సైజు మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూ. కెమెరా మీట నొక్కినప్పుడు కటకం గుండా వచ్చిన కాంతి ఈ స్ఫటికాల మీద పడుతుంది. కాంతి తగిలిన స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు విడిపడి ఒకచోట చేరితే చాలు, దానికి గుర్తు పడినట్టే. కానీ కంటికి ఏమీ కనబడదు. ఫిల్మును చీకటి గదిలో డెవలపర్ అనే ద్రావణంలో ముంచినప్పుడు గుర్తు పడిన స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. నాలుగైదు పరమాణువులు పెట్టిన నిప్పురవ్వకు కోట్లాది పరమాణువులు అంటుకున్నాయన్నమాట! గుర్తు పడని స్ఫటికాలను హైపో అనే మరో ద్రావణం కరిగించి తీసేస్తుంది. వెలుగు ఎక్కువ పడినచోట వెండి ఎక్కువ, అందుకే నలుపు. వెలుగు పడని చోట ఖాళీ ప్లాస్టిక్. అందుకే తెల్లచీర నల్లగా, నల్లపలక తెల్లగా కనిపిస్తాయి.

హైపో వెండి లవణాలను కరిగిస్తుందని 1819లో కనిపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ హెర్షెల్. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. నెగెటివ్, పాజిటివ్ అనే మాటలను ఫొటోలకు వాడింది కూడా ఆయనే. ఇక మనకు దొరుకుతున్న నెగెటివ్‌లలో అన్నిటికంటే పాతది ఆయన స్నేహితుడు టాల్బట్ 1835 ఆగస్టులో తీసినది. తపాలా బిళ్ళంత కాగితం మీద తన ఇంటి కిటికీ బొమ్మ అది. దాన్ని కొత్తగా తీసినప్పుడు భూతద్దం పెట్టి చూస్తే కిటికీలోని గాజు పలకలు సుమారు 200 లెక్కపెట్టగలిగేవాళ్ళమని టాల్బట్ దాని పక్కనే రాసి పెట్టుకున్నాడు. చూశారా! నెగెటివ్ పుట్టిన రోజుల్లోనే దానిలో కంటికి ఆననిది దాగి ఉంటుందని తెలిసిపోయింది.

మన తెలుగు నేల మీద కూడా ఈ విద్య గొప్పగా సాగింది. ఆరో నిజాముకు ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ ఫిల్ము మీద కాదు, గాజు పలకల మీద నెగెటివ్‌లు తీశాడు. ఆయన 1905లో పోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి.

సరే, మన అరుగు దగ్గరికి వద్దాం.

నెగెటివ్‌ను చీకటి గదిలో కాగితం మీదికి దింపేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ లేరు. అందుకని ఒక జిరాక్సు దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు దాన్ని స్కానర్ గాజు మీద బోర్లించి, మూత వేసి, మీట నొక్కాడు. తెర మీద నల్లటి చతురస్రం వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. "సార్, మీ ఫిల్ము పాడైపోయింది" అన్నాడు.

ఫిల్ము పాడవలేదు. పొరపాటు ఎక్కడుందో మీరే ఆలోచించండి. మామూలు స్కానర్ కాగితాలు చూడటానికి తయారైంది. దాని దీపం కింద ఉంటుంది, కన్నూ కిందే ఉంటుంది. దీపం కాగితం మీద వెలుగు వేస్తుంది, కాగితం దాన్ని తిప్పికొడుతుంది, కన్ను అందుకుంటుంది. నెగెటివ్ వెలుగును తిప్పికొట్టేది కాదు, తనలోంచి పోనిచ్చేది. కిటికీకి ఎదురుగా పెట్టి చూశాం గాని గోడకు ఆనించి చూడలేదు కదా! కాబట్టి నెగెటివ్‌కు పైనుంచి వెలుగు పడాలి, కింద కన్ను ఉండాలి. మూతలోనే మరో దీపం ఉన్న స్కానర్లు ఇందుకోసమే ఉన్నాయి. నా స్నేహితుడి దగ్గర అలాంటిది ఒకటి దొరికింది.

స్కానర్ కన్ను మన కన్నులా ఒక్క చూపులో మొత్తం చూడదు. కాంతి తగిలితే విద్యుత్తు పుట్టించే అతిచిన్న గదులు దానిలో ఒకే బారులో ఉంటాయి. ఆ బారు నెగెటివ్ కింద మెల్లగా జరుగుతుంది. కూలీలు బారుగా నిలబడి చేను కోసుకుంటూ పోయినట్టు, ఒక వరుస చూసి, కొంచెం జరిగి, తర్వాతి వరుస చూస్తుంది. ఒక్కొక్క చుక్క దగ్గర ఎంత వెలుగు వచ్చిందో దాన్ని ఒక అంకెగా రాస్తుంది. ఏమీ రాకపోతే 0, పూర్తిగా వస్తే 255. మీ అమ్మ వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టడం చూశారుగా? స్కానర్ కూడా నెగెటివ్ మీద చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కకు ఒక్కో అంకె ఇస్తుందనుకోండి. ఈ చుక్కలనే పిక్సెల్స్ అంటారు.

మొట్టమొదటిసారి ఇలాంటి ముగ్గు వేసినవాడు రస్సెల్ కిర్ష్. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తూ, ఫొటోను గుండ్రంగా తిరిగే డోలుకు చుట్టి, చుక్కలు చుక్కలుగా కంప్యూటరుకు చూపించాడు. ఆ ఫొటో ఎవరిదనుకున్నారు? మూడు నెలల వాళ్ళ అబ్బాయిది. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు. మొత్తం 30,976. ఒక్కో చుక్క నలుపో తెలుపో, మధ్యరకం లేదు. ఫిల్ము లేకుండా ఫొటోలు తీసే కెమెరా అప్పటికింకా పుట్టలేదు. అంటే అంకెల బొమ్మల చరిత్ర ఇంట్లో తీసుకున్న ఒక పాత పద్ధతి ఫొటోతోనే మొదలైందన్నమాట.

మొదటిసారి మేము అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేశాం. ఇప్పుడు నలుపు తెలుపులను తారుమారు చెయ్యాలి. ఇది చిన్న తీసివేత లెక్క. ప్రతి అంకెనూ 255లోంచి తీసెయ్యడమే. 30 ఉన్నచోట 225, 200 ఉన్నచోట 55. కంప్యూటర్లో 'ఇన్వర్ట్' అనే ఆజ్ఞ చేసేది ప్రధానంగా ఇదే. లక్షల తీసివేతలు రెప్పపాటులో అయిపోయాయి, అమ్మమ్మ ముఖం తెర మీదికి వచ్చింది. మా అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఆవిడే అంది: "ఇదేమిటి, పైట కుడి భుజం మీద ఉంది?"

నిజమే! మా వైపు ఆడవాళ్ళు పైట ఎడమ భుజం మీద వేస్తారు. నెగెటివ్‌ను తిప్పి పెట్టడం వల్ల బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. ఫిల్ముకు ఒక వైపు మెరుపు ఉంటుంది, జెలటిన్ పూత ఉన్న వైపు మసకగా ఉంటుంది. ఏ వైపు నుంచి చూస్తున్నామో గుర్తు పెట్టుకోవాలి. మరిచిపోతే పైట, చొక్కా జేబు, దుకాణం బోర్డు, వీటిలో ఏదో ఒకటి పట్టిస్తుంది. కంప్యూటర్లో ఒక్క ఆజ్ఞతో సరిచెయ్యవచ్చు.

సరిచేశాం. పలక వైపు చూశాం. అంకెలు లేవు! నల్లటి పలక మీద తెల్లటి మసక మరకలున్నాయి, అంతే.

ఇక్కడ మా మామయ్య సంగతి చెప్పాలి. మామయ్యకు ఇల్లు శుభ్రంగా ఉండాలి, పాత వస్తువు కనబడితే చెయ్యి ఊరుకోదు. "స్కాన్ అయిపోయింది కదా, ఇంక ఈ ప్లాస్టిక్ ముక్క ఎందుకు?" అని డబ్బాతో సహా చెత్తబుట్ట వైపు నడిచాడు. చాలామంది ఇళ్ళల్లో ఇదే జరుగుతోంది. నేను అడ్డం పడకపోతే ఈ వ్యాసానికి ముగింపు ఉండేది కాదు.

ఎందుకో కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వెయ్యండి. పలక మీద రాత సుమారు 12 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుందాం. ఆ దూరం నుంచి ఆ కెమెరా వస్తువును ఫిల్ము మీద దాదాపు నలభై రెట్లు తగ్గించి వేస్తుంది. అంటే ఫిల్ము మీద ఒక్కో అంకె ఎత్తు 0.3 మిల్లీమీటరు. అంగుళానికి 600 చుక్కలంటే మిల్లీమీటరుకు 24 కన్నా కొంచెం తక్కువ. కాబట్టి అంకెకు దక్కినవి నిలువునా 7 చుక్కలు. సుద్దతో తడబడుతూ రాసిన 5కు, 6కు తేడా ఏడు చుక్కల్లో ఏం తెలుస్తుంది? అదే అంగుళానికి 2400 పెడితే 28 చుక్కలు దక్కుతాయి. ముగ్గు ఎంత దగ్గర చుక్కలతో పెడితే అంత సన్నని గీత పడుతుంది.

అందుకే మళ్ళీ నెగెటివ్ దగ్గరికే వెళ్ళాం. ఫిల్ము మీద బొమ్మ ఒక్కో వైపు 56 మిల్లీమీటర్లు. 2400 చొప్పున అడ్డంగా 5,291 చుక్కలు, నిలువుగానూ అన్నే. మొత్తం దాదాపు 2 కోట్ల 80 లక్షలు! ఈసారి పలక మీది అంకెలు ఒక్కటొక్కటే తేలాయి.

అలాగని చుక్కలు పెంచుకుంటూ పోతే ఏదైనా కనిపిస్తుందనుకోకండి. గోడ మీది క్యాలెండరులో సంవత్సరం తెలిస్తే ఫొటో ఎప్పటిదో తేలుతుందని మాకు ఆశ. అంగుళానికి 4800 పెట్టి చూశాం. ఏమీ లేదు. చుక్కలు రెట్టింపయ్యాయి, మసక మాత్రం మసకగానే ఉంది. ఆ కెమెరాకు ఉన్నది ఒంటి కటకం. అలాంటి కటకం బొమ్మ నడుమ స్ఫుటంగా, అంచుల్లో అలుక్కుపోయినట్టు వేస్తుంది. పలక నడుమ ఉంది, క్యాలెండరు అంచున ఉంది. కెమెరా చూడనిదాన్ని స్కానర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

ఈ పనిలో మరో వింత కూడా ఎదురైంది. ఒకసారి స్కాన్ చేస్తే ఆకాశం ఉన్నచోట నీటిలో రాయి వేసినట్టు వలయాలు వలయాలుగా వచ్చాయి. ఫిల్ము మెరుపు వైపు గాజుకు ఆనుకున్నప్పుడు రెండింటి నడుమ అతిపలుచని గాలిపొర చిక్కుకుంటుంది. పొర పై నుంచి తిరిగొచ్చిన కాంతి, కింది నుంచి తిరిగొచ్చిన కాంతి ఒకదాన్నొకటి కొన్నిచోట్ల బలపరుస్తాయి, కొన్నిచోట్ల చెరిపేస్తాయి. వానపడిన రోడ్డు మీద నూనె చుక్క రంగులు, సబ్బు బుడగ రంగులు ఇలాంటివే. వీటిని న్యూటన్ వలయాలంటారు. న్యూటన్ కన్నా ముందే రాబర్ట్ హుక్ ఇలాంటివి గమనించి రాశాడు. పేరు మాత్రం న్యూటన్‌కు దక్కింది! మందు సులువే. ఫిల్మును గాజుకు తగలకుండా అట్టచట్రంలో కొంచెం ఎత్తులో ఉంచాలి. లేదా మసక వైపు గాజు మీద ఆనేట్టు తిప్పిపెట్టాలి. తిప్పితే పైట మళ్ళీ కుడి భుజానికి వెళ్తుంది, సరిచేసుకోవడం మరవకండి.

దుమ్ము మరో బెడద. కొన్ని స్కానర్లు దుమ్మును తామే చెరిపేస్తాయి. ఎలాగంటే కంటికి కనబడని పరారుణ కిరణాలతో నెగెటివ్‌ను ఇంకోసారి చూస్తాయి. కలర్ నెగెటివ్‌లో డెవలప్ అయ్యాక వెండి ఉండదు, రంగులే మిగులుతాయి. ఆ రంగుల గుండా పరారుణ కిరణాలు అడ్డులేకుండా పోతాయి, దుమ్ము దగ్గర మాత్రం ఆగిపోతాయి. కాబట్టి కిరణం ఆగిన చోటల్లా దుమ్మే అని స్కానర్ తెలుసుకుంటుంది. తెలివైన ఉపాయం కదూ! కానీ మన నలుపు తెలుపు నెగెటివ్‌లో ఉన్నది వెండి. వెండి పరారుణ కిరణాలను కూడా ఆపేస్తుంది. స్కానర్ అమ్మమ్మ ముఖాన్నే దుమ్ము అనుకుంటుంది! అందుకని ఆ మీట ఆపేసి, గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఎగరగొట్టి, మిగిలినవి కంప్యూటర్లో ఒక్కో మచ్చే చెరిపాం. దానికి రెండు సాయంత్రాలు పట్టింది. నోటితో మాత్రం ఊదకండి, తుంపరలు పడతాయి. తడిగుడ్డతో తుడవనే తుడవకండి. జెలటిన్ ఏం చేస్తుందో మీకిప్పుడు తెలుసు.

"మా దగ్గర స్కానర్ లేదు" అంటారా? రెండు ఫోన్లుంటే చాలు. ఒక ఫోనులోనో టాబ్లెట్‌లోనో తెల్లటి బొమ్మ పెట్టి వెలుగు పూర్తిగా పెంచండి. అట్టముక్కకు నెగెటివ్ సైజులో కిటికీ కోసి, నెగెటివ్‌ను దానికి అమర్చండి. జిగురు, టేపు నెగెటివ్‌కు తగలకూడదు. ఆ అట్టను తెరకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో అగ్గిపెట్టెల మీద నిలపండి. తెర మీదే పరిచేస్తే తెరలోని చుక్కలు కూడా ఫొటోలో పడతాయి. గదిలో దీపాలు ఆర్పి, రెండో ఫోనును పుస్తకాల దొంతర మీద పెట్టి, నెగెటివ్‌కు సరిగ్గా పై నుంచి ఫొటో తీయండి. మరీ దగ్గరికి తేవద్దు, కెమెరా మసకబారుతుంది. తర్వాత తారుమారు ఆజ్ఞ ఇవ్వండి. కలర్ నెగెటివ్ అయితే తారుమారు చేశాక బొమ్మంతా నీలంగా వస్తుంది. ఫిల్ములోనే కావాలని పెట్టిన నారింజరంగు అలా తిరగబడిందన్నమాట. రంగులు సర్ది దాన్ని తీసెయ్యాలి.

ఒక్క జాగ్రత్త. నెగెటివ్‌ను వేడి బల్బు దగ్గర పెట్టవద్దు. 1950 దశకానికి ముందు వచ్చిన కొన్ని ఫిల్ములు సెల్యులోజ్ నైట్రేటుతో చేసినవి, అవి నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం. అంత పాతవి దొరికితే పెద్దవాళ్ళకు అప్పగించండి.

ఇక అచ్చు వెయ్యాలి. తెర మీద బొమ్మ వెలుగుతో తయారవుతుంది, కాగితం మీద బొమ్మ సిరాతో. ఇంటి ప్రింటర్ లీటరులో లక్ష కోట్ల వంతును కొలతగా పెట్టుకుని, అలాంటివి కొన్నే ఉండే సన్నని సిరా బొట్లు చిమ్ముతుంది. ఎలా చిమ్ముతుంది? కొన్ని ప్రింటర్లలో సన్నని గొట్టంలోని సిరాను క్షణంలో వేడిచేస్తే ఆవిరి బుడగ పుట్టి బొట్టును బయటికి తోస్తుంది. 1977లో జపానులోని కానన్ ప్రయోగశాలలో కాలుతున్న సోల్డరింగ్ కడ్డీ పొరపాటున సిరా నింపిన సిరంజి సూదికి తగిలి, సూది కొసనుంచి సిరా చిమ్మింది. చూసిన పరిశోధకుడికి వచ్చిన ఆలోచన ఇది. మరికొన్ని ప్రింటర్లలో వేడి ఉండదు. విద్యుత్తు తగిలితే ఆకారం మార్చుకునే స్ఫటికం గొట్టాన్ని నొక్కుతుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. దాన్నే తిరగేసి వాడుకున్నారన్నమాట.

ఎన్ని చుక్కలు కావాలో ఇక్కడా లెక్క ఉంది. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకు అంగుళానికి 300 పిక్సెల్స్ ఉంటే చాలు. ఎనిమిది అంగుళాల ప్రింటుకు 2,400. మన దగ్గర 5,291 ఉన్నాయి, కావలసినదానికి రెట్టింపు పైనే. మీరు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు ఈ లెక్క కట్టి చూడండి. దాని బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు.

మా మొదటి ప్రింటులో అమ్మమ్మ చీర లేత ఆకుపచ్చగా వచ్చింది. మామూలు ప్రింటర్ బూడిదరంగును నీలి, ఎరుపు, పసుపు ఛాయల సిరాలు కలిపి చేస్తుంది. ఒకటి ఏమాత్రం ఎక్కువైనా రంగు బయటపడుతుంది. నల్లసిరా ఒక్కటే వాడమని ఆజ్ఞ ఇస్తే తగ్గింది గాని బుగ్గల మీద చుక్కలు కనబడ్డాయి. చివరికి చీకటి గది పనివాళ్ళ పాత పద్ధతే పనికొచ్చింది. ఖరీదైన ఫొటో కాగితాన్ని పట్టీలుగా కోసి, ముఖం ఉన్న భాగాన్ని మాత్రం ఒక్కో పట్టీ మీద ఒక్కో రకంగా అచ్చువేసి, ఆరనిచ్చి, పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూశాం. అయిదో పట్టీ అమ్మకు నచ్చింది. అప్పుడు పెద్ద కాగితం వాడాం.

అది చట్రంలోకి వెళ్ళింది. గాజుకు తగలకుండా నడుమ అట్ట పెట్టించాం, ఎండ పడని గోడకు తగిలించాం. స్కాన్ చేసిన బొమ్మ ఒకటి కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో హైదరాబాదులోని మా చెల్లి ఇంట్లో ఉన్నాయి. ఒక ఉప్పెన రెండు ఊళ్ళనూ ముంచలేదని ధైర్యం. నెగెటివ్‌ను కాగితపు కవరులో పెట్టి, తేమ తగలని చల్లని చోట దాచాం. ఏడాదికోసారి తీసి వాసన చూస్తాను. నవ్వకండి! ఇలాంటి ఫిల్ముల ప్లాస్టిక్ వేడికీ తేమకూ చివికితే వెనిగర్‌లోని ఆమ్లమే పుడుతుంది. పుల్లటి వాసన వచ్చిందంటే ఫిల్ము ముడుచుకుపోయే రోజు దగ్గరపడినట్టు, వెంటనే మంచి స్కాన్ తీసుకోవాలి. మా దానికి ఇంతవరకు అలాంటి వాసన లేదు.

అన్నట్టు, పలక సంగతి. దాని మీద ఉన్నది ఏడో ఎక్కం. ఒకటి నుంచి పది దాకా, వంకర టింకరగా. అది చూడగానే అమ్మ "మూడో తరగతి! మాకు ఏడో ఎక్కం మూడో తరగతిలోనే చెప్పారు" అంది. ఆవిడ మూడో తరగతి చదివింది 1972-73లో. క్యాలెండరు చెప్పనిది పలక చెప్పింది. ఎనిమిదో వరుస దగ్గర ఆవిడ ఆగి కళ్ళజోడు సర్దుకుంది. ఏడెనిమిదులు 54 అని ఉంది. అమ్మ నాలుక కరుచుకుని, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, వేలితో తెర మీది 4ను తుడవబోయింది.